చింతపండు గిన్నె ఏదమ్మా?

ఈ పత్రికలో వంటల పేజీ చూసి మీరు గుత్తివంకాయ కూర చెయ్యబోతున్నారనుకోండి. "చింతపండు నానబెట్టి, గుజ్జు తీసి ఒక గిన్నెలో పక్కన పెట్టుకోండి" అని ఉంటుంది. "బెల్లం తురిమి వేరే గిన్నెలో నీళ్ళు పోసి కరిగించండి" అని ఉంటుంది. "వేయించిన నువ్వులు, ధనియాలు, కొబ్బరి పొడి చేసి పళ్ళెంలోకి తీసుకోండి" అని కూడా ఉంటుంది. మీరు నిజంగా అన్ని గిన్నెలూ తీస్తారా? తియ్యరని నాకు తెలుసు. తోముకోవలసింది మనమే కదా! చింతపండు తిన్నగా మిక్సీ జార్‌లోకే పిండేస్తారు. ఒక గిన్నె ఖాళీ అవగానే కడిగి, అందులోనే బెల్లం కరిగిస్తారు. కూర రుచి మాత్రం పత్రికలో చెప్పినదానికి ఏమాత్రం తీసిపోదు.

కంప్యూటర్‌లో కంపైలర్ అనేది అచ్చం ఇలాంటి వంటమనిషే. ప్రోగ్రామరు రాసిన ప్రోగ్రాము వంటల పేజీ అయితే, దాన్ని చదివి యంత్రానికి తెలిసే ఆజ్ఞలుగా మార్చేది కంపైలర్. మార్చేటప్పుడు అది చెయ్యి తిరిగిన ఇల్లాలిలాగే అక్కర్లేని గిన్నెలు తీసేస్తుంది. రెండుసార్లు చెయ్యాల్సిన పని ఒక్కసారితో సరిపెడుతుంది. పొయ్యి ఖాళీగా ఉండకుండా ముందు పని వెనక్కీ, వెనక పని ముందుకీ జరుపుతుంది. ఈ పొదుపుకి ఆప్టిమైజేషన్ అని పేరు. ఇది లేకపోతే మీ ఫోను ఇప్పుడున్నంత చురుగ్గా పనిచెయ్యదు.

నేను చేసే ఉద్యోగం ఈ కంపైలర్లలో తప్పులు దిద్దడం. అందులోనూ ఒకే ఒక్క రకం తప్పులు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ ఉద్యోగమండీ" అని ఊరుకునేదాన్ని. మా అత్తగారు మాత్రం ఊరుకునే రకం కాదు. "రోజంతా ఆ పెట్టె ముందు కూర్చుని ఏం వెతుకుతావే? చెబితే నాకు మాత్రం అర్థం కాదా?" అని ఓ రోజు నిలదీశారు. ఆవిడకి చెప్పినట్టే మీకూ చెబుతాను.

ప్రోగ్రాము రాసేవాళ్ళు "ఇక్కడో గిన్నె తీసుకో, దాని పేరు కౌంట్, అందులో ఈ అంకె వెయ్యి" అని రాస్తారు. ఆ గిన్నెని లోకల్ వేరియబుల్ అంటారు. లోకల్ అని ఎందుకంటే, అది ఆ ఒక్క వంటకం వరకే. కూర దిగగానే దాని పని అయిపోతుంది. యంత్రంలో పొయ్యి పక్కన చేతికందే గట్టు మీద పట్టే గిన్నెలు చాలా తక్కువ. వాటిని రిజిస్టర్లంటారు. మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో కనిపించే 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లలో మామూలు లెక్కలకి ఉండేవి 16. ప్రోగ్రాములో పేర్లు మాత్రం వందలు, వేలు! అందుకని ఒకే గిన్నెని కడిగి కడిగి వాడక తప్పదు.

బాగానే ఉంది కదా, గొడవెక్కడ? కూర చెడినప్పుడు. ప్రోగ్రాము తప్పుగా నడిస్తే దాన్ని మధ్యలో ఆపి, ఎక్కడివక్కడ చూసే సాధనాన్ని డీబగ్గర్ అంటారు. అది వంట మధ్యలో వచ్చి, చేత్తో వంటల పేజీ పట్టుకుని, "ఆగు, కదలకు! చింతపండు గిన్నె ఏదమ్మా?" అని అడిగే మనిషి లాంటిది. పేజీలో ఆ గిన్నె ఉంది. గట్టు మీద లేదు. అప్పుడెలా? అందుకే కంపైలర్ వంట చేస్తూనే చీటీలు రాసి పెడుతుంది. "మొదటి మెట్టు నుంచి చింతపండు నీలం గిన్నెలో ఉంది. నాలుగో మెట్టు నుంచి స్టీలు గిన్నెలోకి మారింది" అని. ఈ చీటీల కట్టే డీబగ్ సమాచారం. అవి రాసే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నదాని పేరు డ్వార్ఫ్, అంటే మరుగుజ్జు. 1980ల చివర్లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో యూనిక్స్ కోసం ఎల్ఫ్ అనే రకం ఫైళ్ళు తయారుచేస్తున్నప్పుడు పుట్టింది. ఎల్ఫ్ అంటే ఆ దేశాల కథల్లో ఒక వనదేవత లాంటిది. దానికి జోడీగా ఈ మరుగుజ్జు. ఇంజనీర్ల హాస్యం అలా ఉంటుంది మరి! 2017లో దీని అయిదో కూర్పు వచ్చింది.

ఈ చీటీల బాధ నిన్న మొన్నటిది కాదు. గ్రేస్ హాపర్ అనే మహాతల్లి 1952లో ఏ-0 అని కంపైలర్లకి ముత్తవ్వ లాంటిదాన్ని తయారుచేసింది. యంత్రంలో ఇరుక్కున్న చిమ్మటని పుస్తకంలో అంటించి, పక్కన "బగ్" అని రాసింది కూడా ఆవిడ పనిచేసిన హార్వర్డ్ బృందమే, 1947లో. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇహ ఆప్టిమైజేషన్‌కి పునాదులు వేసిన వాళ్ళలో ముఖ్యురాలు ఫ్రాన్సెస్ ఆలెన్. న్యూయార్క్ రాష్ట్రంలో పొలం పనులు చూసుకునే ఇంట్లో పుట్టింది. చదువు కోసం చేసిన అప్పు తీర్చుకుందామని 1957లో ఐబీఎంలో చేరి, అక్కడే 45 ఏళ్ళు పనిచేసింది. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే ట్యూరింగ్ అవార్డు అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే, 2006కి గాను. 1966లో మొదలుపెట్టి అంత కాలం మగవాళ్ళకే ఇచ్చుకున్నారన్నమాట. అదలా ఉంచండి.

గిన్నెలు తీసేసే విద్య ముదిరేకొద్దీ, చీటీలు అబద్ధమాడుతున్నాయన్న సంగతి బయటపడింది. 1982లో జాన్ హెన్నెసీ ఈ సమస్య గురించే ఒక వ్యాసం రాశాడు. గిన్నెలో ఏదో ఉంది గానీ, పేజీ ప్రకారం ఆ సమయానికి ఉండాల్సింది అది కాదు. అలాంటి సందర్భాలు ఎలా పట్టుకోవాలన్నదే అందులో విషయం. తర్వాత ఆయన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. 1984లో పోలీ జెల్వెగర్ అనే ఆవిడ దీని మీదే డాక్టరేట్ పుచ్చుకుంది. నలభై ఏళ్ళు దాటినా నాకింకా జీతమొస్తోందంటే, సమస్య ఎంత మొండిదో చూసుకోండి.

ఇప్పుడు నేను దిద్దిన ఒక తప్పు గురించి చెబుతాను. వేరే దేశంలో ఉన్న ఒక ప్రోగ్రామరు ఫిర్యాదు పంపాడు. అతని ప్రోగ్రాములో కౌంట్ అనే గిన్నెలో 12 ఉండాలి. డీబగ్గర్‌లో చూస్తే 3 అని ఉంది. పాపం, తన లెక్కలోనే తప్పుందనుకుని రెండు రోజులు వెతికాడట. తీరా చూస్తే ప్రోగ్రాములో ఏ తప్పూ లేదు. యంత్రం లోపల 12 తోనే నడుస్తోంది. చీటీ ఒక్కటే 3 అంటోంది.

ఎందుకలా? పేజీలో మొదట "కౌంట్‌లో 3 వెయ్యి" అని ఉంది. కొంత దూరం వెళ్ళాక "కౌంట్‌కి 9 కలుపు" అని ఉంది. కంపైలర్ చూసింది. ఈ కలిపే పని ఇక్కడెందుకు, ఆ 9 ఏదో చివర వాడేచోటే కలిపేస్తే పోదా అని, మధ్యలో మెట్టు ఎత్తేసింది. మంచిదే. మెట్టుతో పాటు ఆ మెట్టు తాలూకు చీటీని కూడా చించి పారేసింది. అదీ మంచిదే కదా అనిపిస్తుంది, గిన్నె లేనప్పుడు చీటీ ఎందుకని.

కాదండీ! అక్కడే ఉంది కిటుకు. చీటీ ఒకటి రాస్తే, దాని తర్వాతి చీటీ వచ్చేదాకా అదే చెల్లుతుంది. రెండో చీటీ చించేస్తే ఏమవుతుంది? మొదటి చీటీ గడువు దానంతటదే పెరిగిపోతుంది. "చింతపండు నీలం గిన్నెలో" అన్న పాత చీటీ వంట దిగేదాకా చెల్లుబాటవుతుంది. నీలం గిన్నెలో ఈపాటికి బెల్లం నీళ్ళున్నాయి. వచ్చినావిడ వేలు ముంచి నోట్లో పెట్టుకుని, "అయ్యో, చింతపండు ఇంత తియ్యగా ఉందేమిటి!" అని ఇంకో నిమ్మకాయంత చింతపండు పిండేస్తుంది. బాగున్న కూర అప్పుడు చెడుతుంది.

ఇది విని మా అత్తగారు నవ్వారు. "ఓస్, ఇంతేనా? హార్లిక్స్ సీసాలో ఏ ఇంట్లోనైనా హార్లిక్స్ ఉంటుందటే? మన ఇంట్లో చింతపండు ఉంటుంది. మీ పెద్దాడపడుచు ఇంట్లో ఇంగువ ఉంటుంది. ఇంటివాళ్ళకి తెలుసు కాబట్టి సరిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళ గతేం కాను?" అన్నారు. ఇన్నేళ్ళుగా ఇంగ్లీషులో నేను చదివిన వాటిలో ఇంత బాగా చెప్పినవి నిజంగా తక్కువ.

"మరయితే చీటీ చించకూడదు కాబోలు" అన్నారావిడే. "చించొచ్చు అత్తయ్యా. కానీ దాని చోట ఇంకో చీటీ అంటించాలి. ఇక్కణ్ణించి గిన్నె లేదు, అని."

నేను చేసిన మార్పు అదే. రాస్తే నాలుగు వరుసలు. దాన్ని పరీక్షించే టెస్టు రాయడానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత డీబగ్గర్ కౌంట్ గురించి అడిగితే 3 అని చెప్పదు. "ఆప్టిమైజ్డ్ అవుట్" అంటుంది. పొదుపులో పోయింది, నా దగ్గర లేదు, అని దానర్థం.

ఇక్కడే నాకూ, మా ఆఫీసుకీ కాస్త పడలేదు. ఎన్ని పేర్లకి చీటీలున్నాయి, అవి వంటలో ఎంత మేరకి చెల్లుతున్నాయి అని లెక్కగట్టే సాధనం ఒకటుంది. ఎక్కువ శాతం వస్తే గొప్ప, తక్కువ వస్తే నామోషీ. నా మార్పు పెట్టగానే ఆ శాతం తగ్గింది. తగ్గదూ మరి! దొంగ చీటీలు కూడా ఇన్నాళ్ళూ ఆ లెక్కలో కలిసే ఉన్నాయి. అబద్ధం చెప్పే చీటీకీ, నిజం చెప్పే చీటీకీ ఆ సాధనం తేడా చూడదు. చీటీ ఉందా లేదా, అంతే దానికి కావలసింది.

మా టీమ్ చూసుకునే అబ్బాయి, మంచివాడే, "మేడమ్, రిలీజు దగ్గరపడింది. మీ మార్పు వల్ల కవరేజీ పడిపోయింది. ప్రస్తుతానికి వెనక్కి తీసుకుందామా? వాడేవాళ్ళకి ఏమీ కనపడకపోవడం కంటే ఏదో ఒకటి కనపడటం నయం కదా" అన్నాడు. నాకు చర్రున కోపం వచ్చింది. కోపంతో పని జరగదని తెలుసు కాబట్టి, "రెండు రోజులు టైమివ్వండి" అన్నాను. ఓ పది వరుసల చిన్న ప్రోగ్రాము రాశాను. దాన్ని పొదుపేమీ లేకుండా ఒకసారి, పాత కంపైలర్‌తో పొదుపుగా ఒకసారి, నా మార్పుతో ఒకసారి వండి, ఒకే మెట్టు దగ్గర మూడింటినీ ఆపాను. మొదటిది 12. రెండోది 3. మూడోది "లేదు". మూడూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ అబ్బాయి రెండోదాని దగ్గర ఆగిపోయాడు. "ఇన్నాళ్ళూ ఇది 3 అని చెబుతోందా?" అన్నాడు. "దీన్ని నమ్మి ఎంతమంది ఎన్ని రోజులు పోగొట్టుకున్నారో మనకి ఫిర్యాదులు రావు" అన్నాను. మార్పు ఉండిపోయింది. శాతం తగ్గిందన్న మాట మాత్రం ఆ నెల నివేదికలో నా పేరు పక్కనే పడింది. పడనీయండి.

ఇలా వండి పక్కపక్కన పెట్టి చూడటం నా సొంత తెలివేం కాదు. రోమ్ నగరంలోని సాపియెంజా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేసి చూపించారు. యంత్రం చేతనే ప్రోగ్రాములు రాయించి, పొదుపుతో, పొదుపు లేకుండా వండించి, డీబగ్గర్ చెప్పేవి పోల్చారు. జీసీసీ, ఎల్ఎల్‌విఎం అనే పేరున్న కంపైలర్లలోనూ, రస్ట్ అనే భాష కంపైలర్‌లోనూ కూడా తప్పులు దొరికాయి.

"అయితే లేదు అనేసి చేతులు దులుపుకోవడమేనా?" అని మీకు అనిపించవచ్చు. అబ్బే, కాదు. కొన్నిసార్లు గిన్నె పోయినా సరుకు ఆనవాలు ఉంటుంది. ఆ ప్రోగ్రాములోనే 3 ఉన్న గిన్నెని ఇంకా కడగలేదనుకోండి, చీటీ మీద "ఆ గిన్నెలో ఉన్నదానికి 9 కలుపుకుని చూసుకోండి" అని రాయొచ్చు. డ్వార్ఫ్‌లో ఇలా లెక్క రాసిపెట్టే సదుపాయం ఉంది. అప్పుడు డీబగ్గర్ తనే కూడి 12 అని సరిగ్గా చెబుతుంది. దీన్ని మా వాళ్ళు సాల్వేజ్ అంటారు. మునిగిన పడవలోంచి సామాను బయటికి తీసినట్టు. తర్వాతి రెండు నెలలూ నేను చేసింది అదే. శాతం మళ్ళీ పెరిగింది. ఈసారి నిజం చీటీలతో.

ఇంకో నియమం కూడా చెప్పాలి. చీటీలు రాస్తున్నాం కదా అని వంట మారకూడదు. చీటీలు రాసినా, రాయకపోయినా తయారయ్యే ప్రోగ్రాము ఒక్కలాగే ఉండాలి. వినడానికి ఇదేం పెద్ద సంగతి అనిపిస్తుంది గానీ, ఎన్ని తిప్పలో! ఎల్ఎల్‌విఎం లోపల చాలా ఏళ్ళు ఈ చీటీలని వంట మెట్ల మధ్యలోనే, మెట్లలాగే రాసేవారు. "ఇక్కడ పది మెట్ల కంటే తక్కువున్నాయా?" అని లెక్కపెట్టే చోట ఎవరో చీటీని కూడా మెట్టు కింద లెక్కేసేవారు. దాంతో నిర్ణయం మారిపోయేది. 2024లో వచ్చిన 19వ కూర్పు నుంచి చీటీలని మెట్లలోంచి తీసేసి పక్కన వేరే తగిలించారు. జీసీసీ వాళ్ళు చీటీలతో ఒకసారి, లేకుండా ఒకసారి చేసి రెంటినీ పోల్చి చూసే ఏర్పాటు పెట్టుకున్నారు. 2010లో వచ్చిన జీసీసీ 4.5లో అలెగ్జాండ్రే ఒలీవా అనే ఆయన గిన్నెల జాడ ఓపిగ్గా వెంటాడే కొత్త పద్ధతి తెచ్చాడు. చీటీల వల్ల వంట మారకుండా చూడటం అందులో ఓ పెద్ద బాధ్యతట.

ఇదంతా మనకెందుకు అనుకుంటున్నారా? మీ ఫోన్లో ఏదో ఒక ఆప్ టక్కున ఆగిపోతుంది. "రిపోర్టు పంపమంటారా?" అని అడుగుతుంది. సరే అని నొక్కితే, ఆ క్షణాన గట్టు మీద ఏ గిన్నెలో ఏముందో కొంత మేరకి దాన్ని తయారుచేసినవాళ్ళకి చేరవచ్చు. మనకి అమ్మేవన్నీ పొదుపు చేసి వండినవే. పొదుపు లేకుండా వండితే గిన్నెలన్నీ పేజీలో చెప్పినట్టే ఉంటాయి గానీ, నడక నత్త నడక. కాబట్టి అక్కడ కూర్చున్న ఇంజనీరుకి చీటీలే ఆధారం. ఆండ్రాయిడ్ ఫోన్లూ, ఐఫోన్లూ నడిచే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఎల్ఎల్‌విఎం మీద కట్టిన కంపైలర్‌తో వండిందే. రిపోర్టు పంపాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొంతమంది అందులో సొంత విషయాలు వెళ్తాయని భయపడతారు. అదీ కాదనలేం.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది వడియాల లెక్క. అంటే లూపు. డాబా మీద గుడ్డ పరిచి వడియాలు పెడుతున్నప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమని పేజీలో ఉంటుంది. కంపైలర్ లెక్కపెట్టదు. చెయ్యి జరుపుకుంటూ పోతుంది, గుడ్డ చివరికి రాగానే ఆగుతుంది. లెక్క గిన్నె మాయం. "ఇది ఎన్నోదమ్మా?" అని మధ్యలో అడిగితే, మొదటి వడియం నుంచి ఇక్కడికి ఎంత దూరమో చూసి, ఒక్కో వడియం వెడల్పుతో భాగిస్తే సరి. మా లెక్కలో ఒక్కో అంకెకి 4 బైట్లు. ఆ భాగహారం చీటీ మీద రాశాను, మధ్యలో ఎక్కడ ఆపినా సరిగ్గా చెబుతోంది. గుడ్డ దాటి బయటికొచ్చాక అడిగితే మాత్రం ఒకటి ఎక్కువ చెబుతోందేమోనని అనుమానంగా ఉంది. ఎందుకో తేలేదాకా ఆ ఒక్క చోటా "లేదు" అన్న చీటీయే పెట్టి ఉంచాను.